చీకటి గదికి కిటికీ: న్యూయార్క్, షికాగో నగరాల్లో సంస్కరణ ఎలా నడిచింది

అందరికీ నమస్కారం.

1860ల నుంచి 1910ల దాకా అమెరికా నగరాల్లో సాగిన సంస్కరణ ఉద్యమాల గురించి ఈ రోజు చెప్పుకుందాం. ఈ మాట ఎత్తగానే పెద్ద మనసున్న మనుషుల పేర్లు వరసగా చదవడం మనకు అలవాటు. వాళ్ల మీద నాకూ గౌరవం ఉంది. అయితే వాళ్లు పనిలో దిగాక ఏం చేశారన్నది ఇంకా ముఖ్యమని నా నమ్మకం. ఏం కొలిచారు, చట్టంలో ఏ మాట రాయించారు, ఏ మాట తీయించారు, ఎక్కడ దెబ్బతిన్నారు అనే దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు స్థలం లెక్క చూద్దాం. 1811లో న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌కు వీధుల ప్లాన్ గీశారు. ఆ వీధుల మధ్య స్థలాలను 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతున ముక్కలు చేసి అమ్ముకున్నారు. మన లెక్కలో దాదాపు 278 గజాలు. ఒక్క కుటుంబం ఇల్లు కట్టుకోవడానికి సరిపోయే స్థలం అది. ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి ఓడల నిండా జనం దిగడం మొదలయ్యాక అదే ముక్క మీద ఐదారు అంతస్తులు లేచాయి. 100 అడుగుల లోతులో 90 అడుగుల దాకా కట్టేశారు. గదులన్నీ వరసగా ఒకదాని వెనుక ఒకటి. వీధి వైపు గదికి, వెనుక పెరటి వైపు గదికి మాత్రమే కిటికీ. మధ్య గదులకు గాలి రావాలన్నా, వెలుతురు రావాలన్నా పక్క గది తలుపే దారి. వీటికి రైలురోడ్డు ఫ్లాట్లని పేరు వచ్చింది. మరుగుదొడ్లు పెరట్లో ఉండేవి. నీళ్ల కుళాయి కూడా చాలా చోట్ల అక్కడే, దొడ్ల పక్కనే.

1863 జులైలో, అంతర్యుద్ధం నడుస్తుండగా, న్యూయార్క్‌లో సైనిక నిర్బంధ భర్తీకి వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగాయి. ఊళ్లో జనం ఎలా బతుకుతున్నారో పెద్దలకు అప్పుడు పట్టింది. మరుసటి ఏడాది సిటిజెన్స్ అసోసియేషన్ అనే పౌర సంఘం డాక్టర్ స్టీఫెన్ స్మిత్ లాంటి వైద్యులతో ఒక పరిశుభ్రతా మండలిని నిలబెట్టింది. ఊరిని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కో డాక్టర్‌కు ఒక్కో ప్రాంతం అప్పగించారు. ఆ డాక్టర్లు ఇంటింటికీ తిరిగారు. ఏ ఇంట్లో ఎన్ని కుటుంబాలు, దొడ్డి ఎంత దూరంలో ఉంది, మురుగు ఎటు పోతోంది, ఎవరికి మశూచి, ఎవరికి టైఫస్ అని రాసుకున్నారు. 15 వేలకు పైగా టెనెమెంట్ ఇళ్లు, అంటే ఎన్నో కుటుంబాలు అద్దెకు కిక్కిరిసి ఉండే ఇళ్లు, లెక్క తేలాయి. 1865లో నివేదిక అచ్చయింది, 1866లో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ హెల్త్ అనే ఆరోగ్య బోర్డు వచ్చింది. ఆ ఏడాదే కలరా వచ్చింది. 1849 కలరాలో అదే ఊళ్లో 5 వేల మందికి పైగా చనిపోయారు. 1866లో చావులు అందులో చిన్న వంతుకు దిగిపోయాయి. రోగి ఇంటిని, దుప్పట్లను, దొడ్డిని వెంటవెంటనే శుభ్రం చేయించడానికి అధికారమున్న బోర్డు ఒకటి అప్పటికి చేతిలో ఉంది.

1867లో మొదటి టెనెమెంట్ చట్టం వచ్చింది. మూడు కంటే ఎక్కువ కుటుంబాలు విడివిడిగా వండుకుంటూ అద్దెకు ఉండే ఇల్లు టెనెమెంట్ అని నిర్వచించారు. 20 మందికి ఒక మరుగుదొడ్డి చొప్పున ఉండాలన్నారు. బయటి గాలి తగలని పడకగదికి పక్క గదిలోకో నడవలోకో కనీసం 3 చదరపు అడుగుల కిటికీ పెట్టాలన్నారు. మంటలు వస్తే దిగడానికి బయట ఇనుప మెట్లు ఉండాలి, లేదా అధికారి ఒప్పుకున్న వేరే మార్గం ఏదైనా ఉండాలి.

ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. అధికారి ఒప్పుకుంటే చాలు. చట్టం గట్టిదైనా మినహాయింపు మెత్తగా ఉంటే యజమానులు దారి పట్టేది అటే. ఇలాంటి మాటే 1879లో ఒకసారి, 1911లో ఇంకోసారి ఎదురవుతుంది. 3 చదరపు అడుగుల కిటికీ అంటే ఏమిటో కూడా ఆలోచించండి. తలుపు పైన ఉండే చిన్న వెంటిలేటరంత. అది తెరుచుకునేది ఇంకో చీకటి గదిలోకి. ఆరోగ్య శాఖ పట్టుబట్టి పాత ఇళ్లలో ఇలాంటి కిటికీలు 46 వేలకు పైగా కొట్టించింది. కాగితం మీద అది పెద్ద విజయం. పొగ, వాసన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాయే తప్ప బయటికి పోయే దారి మాత్రం దొరకలేదు.

ఇక 1879. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మంచి ఉద్దేశంతో గీసిన ప్లాన్ ఎలా బెడిసికొట్టిందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ ఇంకోటి లేదు. ప్లంబింగ్, పారిశుద్ధ్యం మీద నడిచే ఒక పత్రిక పోటీ పెట్టింది. అదే 25 బై 100 స్థలంలో అద్దెదారుకు ఆరోగ్యం, యజమానికి లాభం రెండూ ఇచ్చే ఇంటి ప్లాన్ గీయాలి. జేమ్స్ వేర్ అనే ఆర్కిటెక్ట్‌కు మొదటి బహుమతి వచ్చింది. ఆయన ఇంటి రెండు పక్కలా నడుం దగ్గర కాస్త లోపలికి నొక్కాడు. పైనుంచి చూస్తే వ్యాయామశాలలో డంబెల్ ఆకారం, అందుకే డంబెల్ టెనెమెంట్ అన్నారు. ఒక ఇంటి నొక్కు 28 అంగుళాలు. పక్క ఇంటిదీ అంతే. రెండూ కలిస్తే 56 అంగుళాల వెడల్పు, 50 నుంచి 60 అడుగుల పొడవు, ఇంటి ఎత్తంతా ఒక సందు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో డక్టు అంటాం చూడండి, అలాంటిదే. మధ్య గదుల కిటికీలన్నీ అందులోకే.

ఒక్కో అంతస్తులో నాలుగు కుటుంబాలు, 14 గదులు. ముందు వైపు రెండు ఇళ్లకు నాలుగేసి, వెనుక రెండు ఇళ్లకు మూడేసి. ఆ 14లో వీధి వెలుతురో పెరటి వెలుతురో నేరుగా తగిలేది నాలుగు గదులకే. మిగతా పదీ ఆ సందు మీదే ఆధారపడ్డాయి. పడకగది 7 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల పొడవు. మెట్ల పక్కన నడవలో అంతస్తుకు రెండు మరుగుదొడ్లు.

సందు ఎందుకు పని చేయలేదు? దానికి పైన ఆకాశం తప్ప కింద గాలి లోపలికి వచ్చే ద్వారం లేదు. కింది నుంచి గాలి రానిదే పైకి కదలదు. నాలుగో అంతస్తు దాటి కిందికి వెలుతురు దిగదు. కింద ఊడ్చే తలుపు కూడా లేకపోవడంతో పై అంతస్తుల వాళ్లు పారేసిన చెత్త అడుగున కుళ్లేది. ఆ వాసన భరించలేక జనం కిటికీలకు మేకులు కొట్టి మూసేసుకున్నారు. ఎదుటి ఇంటి కిటికీ చేయి చాపితే అందేంత దూరంలో ఉండటంతో మాటలూ దగ్గులూ అన్నీ వినిపించేవి. అన్నిటికంటే ప్రమాదం నిప్పు. కింద అంటుకుంటే ఆ సందు పొగగొట్టంలా మంటను నిమిషాల్లో పైకి లాగేది, రెండు ఇళ్లకూ ఒకేసారి అంటించేది.

మరి చట్టం ఏం చేసింది? 1879 చట్టంలో ఇల్లు స్థలంలో 65 శాతానికి మించి ఆక్రమించకూడదని ఉంది. మంచి నిబంధన. కానీ ఆరోగ్య బోర్డు తన విచక్షణతో సడలించవచ్చని పక్కనే ఉంది. బిల్డర్లు ప్రతి ప్లాన్‌కూ సడలింపు అడిగారు, వచ్చింది. ఆ తర్వాత 20 ఏళ్లు కట్టిన డంబెల్ ఇళ్లు స్థలంలో 75 నుంచి 90 శాతం దాకా నింపేశాయి.

ఈలోగా ఇంకో వైపు దెబ్బ తగిలింది. టెనెమెంట్ గదుల్లో కుటుంబాలు పగలూ రాత్రీ సిగార్లు చుట్టేవి. పొగాకు కుప్పల పక్కనే పిల్లలు పడుకునేవాళ్లు. సిగార్ కార్మిక సంఘం ఒత్తిడితో శాసనసభ 1884లో దాన్ని నిషేధించింది. 1885లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రజారోగ్యానికీ ఈ నిషేధానికీ సంబంధం కనిపించడం లేదని, మనిషి తన ఇంట్లో తన పని చేసుకునే స్వేచ్ఛను ఇది తీసేస్తోందని తీర్పు. తర్వాతి తరం సంస్కర్తలు ఈ తీర్పును బాగా చదివారు. గది ఎంత చెడ్డదో చెబితే చాలదు, ఆ గదికీ జబ్బుకూ సంబంధాన్ని అంకెలతో కోర్టు ముందు పెట్టాలని అర్థమైంది.

ఆ పని చేసిన మనిషి లారెన్స్ వీలర్. జేకబ్ రీస్ అనే పత్రికా విలేఖరి మెగ్నీషియం పొడి వెలిగించి రాత్రిపూట తీసిన ఫోటోలు అప్పటికే జనాన్ని కదిలించాయి. రీస్ పేరు అందరికీ తెలుసు. వీలర్ పేరు తెలిసినవాళ్లు తక్కువ, అది నాకు బాధగానే ఉంటుంది. 1900 ఫిబ్రవరిలో ఆయన న్యూయార్క్‌లో ఒక ప్రదర్శన పెట్టాడు. వెయ్యికి పైగా ఫోటోలు, ఎన్నో పటాలు. దానధర్మాల సాయం అడిగిన ప్రతి కుటుంబానికీ ఒక నల్ల చుక్క పెట్టిన పటం ఒకటి. క్షయ సోకిన ప్రతి ఇంటికీ చుక్క పెట్టిన పటం ఇంకోటి. పక్కపక్కన పెట్టి చూస్తే చుక్కలు ఒకే చోట గుమిగూడి కనిపించేవి.

హాలు మధ్యలో అట్టతో చేసిన ఒక బ్లాక్ నమూనా ఉంది. క్రిస్టీ, ఫోర్సైత్, కెనాల్, బేయర్డ్ వీధుల మధ్య నిజంగా ఉన్న బ్లాక్ అది. 39 టెనెమెంట్ ఇళ్లు, 605 వాటాలు, 2,781 మంది మనుషులు. వాళ్లలో ఐదేళ్ల లోపు పిల్లలు 466 మంది. మరుగుదొడ్లు 264. వేడినీళ్లు వచ్చే వాటాలు 40. స్నానాల గది ఒక్కటీ లేదు. బయటి గాలి బొత్తిగా తగలని గదులు 441, సందులోంచి మాత్రమే వెలుతురు వచ్చేవి 635. ఐదేళ్లలో 32 క్షయ కేసులు. ఏడాదికి అద్దె రాబడి 1,13,964 డాలర్లు. ఈ చివరి అంకెను పక్కన పెట్టడం చాలా తెలివైన పని. అంత రాబడి ఉన్న బ్లాక్‌కు బాగుచేయడానికి డబ్బు లేదని ఎవరూ అనలేరు కదా.

అదే ఏడాది గవర్నర్ థియొడోర్ రూజ్‌వెల్ట్ కమిషన్ వేశాడు. రాబర్ట్ డి ఫారెస్ట్ అధ్యక్షుడు, వీలర్ కార్యదర్శి. 1901 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చింది. ఇల్లు వీధి మధ్య స్థలంలో 70 శాతం, వీధి మూల స్థలంలో 90 శాతం దాటి ఆక్రమించకూడదు. డంబెల్ సందు ఇక కుదరదు, అంగుళాల్లో ఉన్న ఖాళీ అడుగుల్లోకి మారింది. మామూలు ఎత్తు ఇంటికి పక్క హద్దు మీద వదిలే లోపలి ఆవరణ 12 బై 24 అడుగులు ఉండాలి. ప్రతి గది కిటికీ వీధిలోకో పెరట్లోకో ఆ ఆవరణలోకో నేరుగా తెరుచుకోవాలి. వాటాలో ఒక గదైనా 120 చదరపు అడుగులు, మిగతావి 70కి తగ్గకుండా ఉండాలి. ప్రతి వాటాకూ సొంత ఫ్లష్ మరుగుదొడ్డి. పెద్దవాళ్లకు మనిషికి 400 ఘనపు అడుగుల గాలి, 12 ఏళ్ల లోపు పిల్లలకు 200.

అసలు మార్పు రెండు చోట్ల ఉంది. ఒకటి, సడలించే విచక్షణను ఏ అధికారికీ ఇవ్వలేదు. ప్లాన్ చట్టానికి సరిపోతే సరిపోయినట్టు, లేకపోతే లేదు. రెండోది, కట్టడం పూర్తయ్యాక సరిగ్గా ఉందని ధ్రువపత్రం వచ్చేదాకా ఒక్క అద్దెదారునూ దింపకూడదు. అద్దె ఆగిపోతుందంటే బిల్డర్ ప్లాన్ తప్పడు. జరిమానా కంటే ఇది ఎన్నో రెట్లు బలమైన ఆయుధం.

పాత ఇళ్లను కూల్చమనలేదు, అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. చీకటి గదికి పక్క గదిలోకి కనీసం 15 చదరపు అడుగుల కిటికీ కొట్టాలి, ఆ పక్క గదికి బయటి కిటికీ తప్పనిసరిగా ఉండాలి అన్నారు. 1867 నాటి 3 చదరపు అడుగులతో పోల్చి చూసుకోండి. ఊళ్లో అలాంటి చీకటి గదులు మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. నడవల్లో దీపాలు వెలిగించాలి. పెరట్లో ఉన్న స్కూల్ సింకులు పీకేయాలి. ఇది దొడ్ల వరస కింద ఇటుకతోనో ఇనుముతోనో కట్టిన పొడుగాటి తొట్టి. మురుగు కాలువకు కలిపి ఉంటుంది కానీ ఎవరో ఒకరు నీళ్లు వదిలితేనే కడుక్కుపోతుంది. కాపలా మనిషి మరిచిపోతే రోజుల తరబడి అలాగే నిలవ ఉండిపోయేది. ఒక ఇంటి యజమానురాలు, నా తొట్టిని తీయించి కొత్త మరుగుదొడ్లకు నా చేత ఖర్చు పెట్టించే హక్కు మీకెక్కడిదని కోర్టుకెక్కింది. 1904లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు, 1906లో అమెరికా సుప్రీంకోర్టు చట్టం వైపే నిలిచాయి. 1885లో ఓడిన చోటే, ఆరోగ్యం అనే కారణం మీదే, ఈసారి గెలిచారు.

1902 జనవరి నుంచి టెనెమెంట్ హౌస్ డిపార్ట్‌మెంట్ పని మొదలుపెట్టింది. ఊరు మొత్తం మీద 82 వేలకు పైగా టెనెమెంట్లు. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు. ఇన్‌స్పెక్టర్ వెళ్లి అంతస్తు ప్లాన్ గీసేవాడు, కిటికీలు, మరుగుదొడ్లు, సింకులు ఎన్నో ఎక్కడో గుర్తు పెట్టేవాడు, కుటుంబాల సంఖ్య రాసేవాడు. ఏ లోపం ఎప్పుడు సరిచేశారో తేదీతో పడేది. ఐ కార్డులని పిలిచే ఆ అట్టలను న్యూయార్క్ గృహ శాఖ ఇప్పటికీ భద్రంగా ఉంచింది. ఏదైనా పాత ఇంట్లో చట్టబద్ధంగా ఎన్ని వాటాలు ఉండాలన్న తగాదా వస్తే ఈనాటికీ వాటినే తీసి చూస్తారు. నూరేళ్ల కిందటి గుమాస్తా చేతిరాత ఒక అద్దెదారు హక్కును కాపాడుతోందంటే ఆ పనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

షికాగో సంగతి కొంచెం వేగంగా చెబుతాను. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ హాల్‌స్టెడ్ వీధిలో హల్ హౌస్ మొదలుపెట్టారు. చదువుకున్నవాళ్లు పేదల వాడలోనే కాపురముండి పనిచేసే సెటిల్‌మెంట్ ఇల్లు అది. ఆ ఇల్లు ఉన్న 19వ వార్డులో చెత్త పెద్ద సమస్య. చెక్క పెట్టెలు పేవ్‌మెంట్‌కు బిగించి ఉండేవి, కాంట్రాక్టర్ బండ్లు వచ్చినప్పుడు వచ్చినట్టు. హల్ హౌస్ మహిళా క్లబ్ నుంచి 12 మంది వారానికి మూడు సాయంత్రాలు సందులన్నీ తిరిగారు. రెండు నెలల్లో 1,037 ఉల్లంఘనలు రుజువులతో ఆరోగ్య శాఖకు పంపారు. 1895లో మేయర్ ఆడమ్స్‌నే వార్డు చెత్త ఇన్‌స్పెక్టర్‌గా నియమించాడు. పొద్దున్నే ఆరింటికి లేచి బండ్ల వెంట చెత్త కుప్పల దాకా వెళ్లేవారు ఆమె. కాంట్రాక్టర్ చేత 9 బండ్లను 13 చేయించారు, తర్వాత 17. ఒక ఇరుకు వీధిలో తవ్వగా తవ్వగా 18 అంగుళాల కింద రాళ్ల బాట బయటపడింది. అక్కడ బాట ఉందని నగర రికార్డుల్లో రాసే ఉంది. మరణాల రేటులో నగరంలో మూడో స్థానంలో ఉన్న ఆ వార్డు ఏడో స్థానానికి దిగింది.

హల్ హౌస్‌లోనే ఉన్న ఫ్లోరెన్స్ కెల్లీ ఫ్యాక్టరీల వైపు వెళ్లారు. 1893 ఇల్లినాయ్ చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో పెట్టకూడదంది, ఆడవాళ్లకు 8 గంటల పనిదినం పెట్టింది. కెల్లీయే మొదటి ప్రధాన ఇన్‌స్పెక్టర్. చట్టం ఎక్కడ జారిపోయిందంటే వయసు రుజువు దగ్గర. తల్లో తండ్రో ప్రమాణ పత్రం ఇస్తే చాలన్నారు. నోటరీలు పిల్లవాడిని చూడకుండానే సంతకాలు పెట్టేశారు. వైద్య ధ్రువపత్రం అడిగే అధికారాన్ని ఆమె పదేపదే వాడాల్సి వచ్చింది. స్థానిక ప్రాసిక్యూటర్ కేసులు నడపడానికి ముందుకు రాకపోతే ఆమె లా చదివి పట్టా తెచ్చుకున్నారు. 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు 8 గంటల నిబంధనను కొట్టేసింది. 13 ఏళ్ల తర్వాత ఆడవాళ్ల పనిగంటల మీదే వచ్చిన ఓరెగాన్ రాష్ట్రం కేసులో ఆమె సహచరి జోసెఫిన్ గోల్డ్‌మార్క్ డాక్టర్ల, ఇన్‌స్పెక్టర్ల నివేదికలు పోగుచేసి ఇచ్చారు. లాయర్ బ్రాండైస్ వంద పేజీలు దాటిన వాదనలో న్యాయ సూత్రాలకు రెండు పేజీలే కేటాయించాడు, మిగతాదంతా ఆ సాక్ష్యమే. 1908లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచారు.

ఇప్పుడు 1911 మార్చి 25. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ, ఆష్ భవనం పై మూడు అంతస్తులు. ఎనిమిదో అంతస్తులో కత్తిరింపు బల్ల కింద గుడ్డ పీలికల పెట్టెలో నిప్పు పుట్టింది. పదో అంతస్తుకు ఫోన్లో చెప్పారు, తొమ్మిదికి కబురు అందలేదు. తొమ్మిదిలో ఒక వైపు మెట్ల తలుపుకు తాళం. బయటి ఇనుప మెట్లు బరువుకు వంగి విరిగిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. 146 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఆడపిల్లలు.

భవనం చట్టం ప్రకారమే ఉందా అంటే, చాలావరకు ఉంది. 150 అడుగులు దాటిన భవనాలకే నేల రాతితో, కిటికీలు లోహంతో ఉండాలి. ఈ భవనం ఎత్తు 135. ఆ నేల విస్తీర్ణానికి మూడు మెట్ల మార్గాలు ఉండాలి. ఇనుప మెట్లనే మూడోదిగా లెక్కపెట్టుకోమని ఆర్కిటెక్ట్ అడిగితే సరేనన్నారు. తలుపులు బయటికి తెరుచుకోవాలి, వీలైన చోట. మెట్ల దగ్గర ఖాళీ ఒక్క మెట్టంత ఉండటంతో వీలు కాదన్నారు, లోపలికి తెరిచే తలుపులు బిగించారు. 1867లో చూసిన మాట, 1879లో చూసిన మాట ఇక్కడ ప్రాణాలు తీసింది.

వెంటనే రాష్ట్రం ఫ్యాక్టరీ విచారణ కమిషన్ వేసింది. రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, అల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. మొదటి ఏడాదే 1,836 పని చోట్లు చూశారు, 222 మంది సాక్షులను విచారించారు. తర్వాత రెండు మూడేళ్లలో అగ్నిమాపక కసరత్తులు, ఎత్తైన ఫ్యాక్టరీల్లో పైనుంచి తనంతట తాను నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు, తాళం వేయని తలుపులు, కూలీల సంఖ్యకు తగ్గ మెట్ల వెడల్పు వరసగా చట్టాలయ్యాయి.

ఇక్కడ సభలో రెండు ప్రశ్నలు రాసి పంపారు. కొత్త చట్టంతో అద్దెలు పెరగలేదా అని ఒకటి. కొత్త ఇళ్లలో అద్దె ఎక్కువే. 25 అడుగుల స్థలంలో అంత ఆవరణ వదిలితే గిట్టుబాటు కాక బిల్డర్లు 40, 50 అడుగుల స్థలాలకు మారారు. కొత్త ఇళ్లలోకి ముందు వెళ్లింది కాస్త స్థిరమైన కూలి ఉన్నవాళ్లు. నిరుపేదలు పాత డంబెల్ ఇళ్లలోనే మిగిలారు. నగరం తానే ఇళ్లు కట్టి ఇవ్వాలన్న మాట వస్తే వీలర్ గట్టిగా వ్యతిరేకించాడు. ఆ విషయంలో ఆయన తప్పని నా అభిప్రాయం.

నల్లజాతి వాళ్ల మాటేమిటి అని రెండో ప్రశ్న. సెటిల్‌మెంట్ ఇళ్లు చాలావరకు ఐరోపా వలసదారుల కోసమే నడిచాయి, చాలా వాటిలో నల్లవాళ్లకు చోటు లేదు. అందుకని వాళ్లు తమవి తాము కట్టుకున్నారు. న్యూయార్క్‌లో 1897లో విక్టోరియా ఎర్ల్ మాథ్యూస్ దక్షిణాది నుంచి ఒంటరిగా వచ్చే ఆడపిల్లల కోసం వైట్ రోజ్ మిషన్ పెట్టారు. అట్లాంటాలో 1908లో లుజీనియా బర్న్స్ హోప్ నెయిబర్‌హుడ్ యూనియన్ మొదలుపెట్టారు. వాళ్లు ఊళ్లోని నల్లవారి వాడలను జోన్లుగా విడగొట్టారు. ఒక్కో వీధికి బాధ్యురాలైన స్త్రీలు ఇంటింటికీ తిరిగి నీళ్లు, మురుగు, దీపాలు, జబ్బుల వివరాలు రాసుకున్నారు. 1913లో నల్లజాతి పిల్లల బడులను సర్వే చేసి, ఒకే గదిలో పూటకో జట్టు చొప్పున పిల్లలను కూర్చోబెడుతున్న సంగతిని అంకెలతో సహా నగర అధికారుల ముందు పెట్టారు. ఆ స్త్రీలకు అప్పట్లో ఓటు కూడా లేదు.